టీచర్ గారి గదిలో లోడ్ టెస్టు

మొదలుపెట్టేశాను. ఇక గంటసేపు నేను చేయాల్సిందేమీ లేదు, కూర్చుని చూడడం తప్ప. కంప్యూటర్ మామూలుగా ఎప్పుడూ చేయనంత పనిని ఒక్కసారిగా దాని నెత్తిన పెట్టి, నిలబడుతుందో పడిపోతుందో చూడడం, దీన్నే మేం లోడ్ టెస్టు అంటాం, మా షాపులో రోజూ ఉండేదే, కొత్త మిషన్ కట్టిన ప్రతిసారీ టెస్టు పెట్టేసి టీకి వెళ్తాను, తిరిగొచ్చేసరికి నడుస్తూ ఉంటే సరే, ఆగిపోయి ఉంటే విప్పి చూస్తాను, అంతకుమించి దాని గురించి ఆలోచించింది లేదు. ఈ మధ్యాహ్నం మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదు. పెట్టెలో ఫ్యాన్లు అప్పుడే జోరందుకున్నాయి, తెర మీద వేడి చూపించే అంకె డెబ్భై వైపు పాకుతోంది, కిటికీ బయట భీమవరం ఎండ తెల్లగా కాస్తోంది, రొయ్యల చెరువుల మీదుగా వచ్చే గాలిలో ఉప్పు తేమ, గదిలో ఏసీ లేదు, చల్లగాలి తగిలితే టీచర్ గారికి ఛాతీ పట్టేస్తుంది కాబట్టి పెట్టించుకోలేదు. టెస్టు ఇక్కడే పెట్టడం అందుకే. షాపులో ఏసీ కింద నెగ్గడం ఒక నెగ్గడం కాదని పోయిన వారం తెలిసొచ్చింది.

సంపూర్ణ టీచర్ తెరకు ఎదురుగా వాలుకుర్చీలో ఉన్నారు. మెడ పక్కకు వాలిపోకుండా రెండు వైపులా చిన్న దిళ్లు. నరాలు ఒక్కొక్కటిగా కండరాల మీద పట్టు వదిలేసే జబ్బు ఆవిడది, ముందు కుడిచేతిలో సుద్దముక్క జారిపోవడంతో మొదలై, తర్వాత మెట్లు, తర్వాత నాలుక, ఇప్పుడు కళ్లు తప్ప ఏవీ ఆవిడ మాట వినడం లేదు. కళ్లు మాత్రం అవే, మా హైస్కూల్లో చివరి బెంచీ దాకా వచ్చి మమ్మల్ని పట్టుకునే కళ్లు. కళ్లు పైకెత్తితే అవును, గట్టిగా మూస్తే కాదు. పక్కన స్టూలు మీద రామకృష్ణ బాబాయి గారు, ఆవిడ భర్త, ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యారు, చేతిలో తడిగుడ్డ పెట్టుకుని ఆవిడ నుదురూ మెడా తుడుస్తూ ఆ తుడుపులోనే తెర వైపొక చూపు, నా వైపొక చూపు. ఆయన ఆ గది దాటి వెళ్లడం నేను చూడలేదు. ఆవిడ పిలవలేరు కదా. వంటింట్లో పని ఉంటే తలుపులో నిలబడి కూర తరుగుతారు, స్నానానికెళ్తే తలుపు ఓరగా వేసుకుంటారు, రాత్రుళ్లు మంచం పక్కన కుర్చీలో కూర్చునే కునుకు తీస్తారు. ఆయన కళ్ల కింద నలుపు చూస్తుంటే నాకు తెర చూడాలనిపిస్తుంది, తెర చూస్తుంటే ఆయనని చూడాలనిపిస్తుంది. డెబ్భై రెండు. పరవాలేదు.

పోయిన వారం ఈ పెట్టె తెచ్చి ఇక్కడ బిగించిన రోజు ఎంత సంబరం. తెర కింద అతికించిన చిన్న కెమెరా ఆవిడ చూపు ఏ అక్షరం మీద ఆగుతుందో పసిగడుతుంది, ఆ అక్షరాలు కూడి వాక్యం అవుతాయి, ఆ వాక్యాన్ని పెట్టె ఆవిడ గొంతుతోనే పలుకుతుంది. ఎవరో అమ్మాయి గొంతు కాదు, ఆవిడదే, గరగరలాడే అంచుతో సహా. మొదటి రోజు పక్కింటి వాళ్లు వచ్చి విని వెళ్లారు. మూడో రోజు కాకినాడలో ఉన్న వాళ్ల అక్కతో ఫోన్లో మాట్లాడుతుండగా, "అక్కా, నీతో ఎప్పటినుంచో చెబుదామనుకున్నదేంటంటే" అన్నంతవరకూ వచ్చి ఠక్కున ఆరిపోయింది. తెర నల్లగా. ఫోన్లో ఆ అక్కగారు, "ఏంటే, చెప్పవే, ఏంటి" అని అడుగుతూనే ఉన్నారట. బాబాయి గారు ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చాను. ఎండకు గది కాగిపోయి, పెట్టె లోపల వేడి హద్దు దాటి, తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంది, దానికి తోడు కరెంటు ఇచ్చే భాగం కూడా నాసిది పడింది, నేనే పెట్టాను, ఏసీ గదిలో అది బాగానే మోసింది మరి. ఆవిడ నన్ను చూసి పాత పద్ధతికి వచ్చారు, అట్ట మీద రాసిన అక్షరాల మీదుగా బాబాయి గారు వేలు నడిపిస్తుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆవిడ కళ్లు పైకెత్తడం. అలా ఒక్కో అక్షరం ఏరి చెప్పారు. "ఇది నన్ను రెండోసారి మూగదాన్ని చేసింది. తీసుకుపో."

తీసుకుపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి మిషన్ మొత్తం విప్పి కొత్త భాగం, పెద్ద కూలరు, గాలి పోవడానికి పక్కన జాలీ తలుపు, తేమకు పచ్చబారబోతున్న పిన్నులన్నీ శుభ్రం చేసి, చిప్పు మీద చల్లదనానికి పూసే ముద్ద మళ్లీ పూసి, ఇవాళ తెచ్చి ఇక్కడ పెట్టి, టీచరండీ, మీ ఎదుటే పరీక్ష పెడతాను, మీరు మాట్లాడేటప్పుడు పడే బరువుకు రెట్టింపు మోపుతాను, ఆగిపోయిందా, ఇక మిమ్మల్ని బతిమాలను అన్నాను. కళ్లు పైకెత్తలేదు, మూయలేదు, చాలాసేపు నన్నే చూశారు. తర్వాత పైకెత్తారు.

డెబ్భై తొమ్మిది. ఫ్యాన్ల హోరు మా నాన్న బోటు ఇంజనులా ఉంది, అంత కాదు గానీ ఆ జాతిదే. మాది నరసాపురం అవతల, సముద్రం వాసన ఇంట్లోకి వచ్చే ఊరు. ఇంజను రిపేరుకొచ్చి బాగుచేయించాక మా నాన్న భీమరాజు బోటును వెంటనే వదిలేవాడు కాదు, ఒడ్డున గుంజకు మోకుతో కట్టేసి, ఇంజను పూర్తి జోరు మీద పెట్టి, పొగ కక్కుతూ, నీళ్లు నురగలు కక్కుతూ, బోటు మోకును తెంపుకు పోతానన్నట్టు గింజుకుంటుంటే బీడీ వెలిగించి చూస్తూ కూర్చునేవాడు. డీజిలంతా ఇక్కడే తగలేస్తావా అని అమ్మ కేకలు. ఇక్కడ ఆగిపోతే నడిచి ఇంటికెళ్తానే, అక్కడ ఆగిపోతే ఎక్కడికెళ్లను అని నాన్న. నేను ఇసకలో కూర్చుని ఆ హోరు వింటూ నిద్రపోయేదాన్ని. హోరు నడుస్తున్నంతసేపూ భయం లేదు, హోరు ఆగితేనే లేచి కూర్చునేదాన్ని. ఇప్పుడూ అంతే.

ఆ ఊరి నుంచి భీమవరం హాస్టలుకొచ్చినప్పుడు నాకు గొంతు ఉందన్న సంగతి ఎవరికీ తెలీదు. క్లాసులో లేచి చదవమంటే పెదాలు కదిలేవి, మాట బయటికొచ్చేది కాదు, వచ్చినా మా రేవు యాస విని పిల్లలు కిసుక్కుమనేవారు. సంపూర్ణ టీచర్ ఎవరినీ తిట్టలేదు. మరుసటి రోజు తెలుగు పీరియడ్‌లో నన్ను వరండా ఆ చివర నిలబెట్టి తను ఈ చివర కుర్చీ వేసుకుని, నాకు వినపడేలా చదువమ్మా దుర్గా అన్నారు. మధ్యలో ఏడు క్లాసులు, రోడ్డు మీద చేపల లారీలు, ఐసు ఫ్యాక్టరీ వ్యాన్లు, పక్క గదిలో ఎక్కాలు. నేను చదివితే, ఏంటీ, అని ఆ చివర నుంచి. మళ్లీ చదివితే, ఏంటీ. మూడో రోజుకు ఏడ్చాను, నాలుగో రోజుకు కోపం వచ్చింది, కోపంతో చదివితే ఆ చివర ఆవిడ పుస్తకం మూసి చేయి ఊపారు, వినపడిందని. ఆ వాక్యం ఏమిటో గుర్తులేదు. ఆ చేయి గుర్తుంది, ఇప్పుడు దిండు మీద పెట్టిన చోటే ఉండిపోయిన ఈ చేయే. ఆవిడ గొంతు సంగతి చెప్పక్కర్లేదు, ఆవిడ ఎనిమిదో తరగతికి పద్యం చెబితే తొమ్మిదో తరగతి కూడా నేర్చేసుకునేది, మీరు కాస్త నెమ్మదిగా చెప్పండి మేడమ్, మా లెక్కలు మీ ఛందస్సులో కలిసిపోతున్నాయి అని లెక్కల మాస్టారు గొడవ.

అలాంటి గొంతు మందగిస్తోందని తెలిసినప్పుడు పెద్ద డాక్టరు ఒకటే చెప్పారట, మాట ఉన్నప్పుడే రికార్డు చేసి పెట్టుకోండి అని. బాబాయి గారు మా షాపుకొచ్చి, నువ్వు కంప్యూటర్ల దానివి కదమ్మా, ఇదేంటో చూడు అన్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే యుగంధర్‌ని పట్టుకొచ్చాను, అతనూ ఆవిడ శిష్యుడే, వాళ్ల సామాన్ల గది గోడలకు పరుపులు ఆనించి, పొద్దున్నే లారీలు మొదలుకాక ముందు కూర్చునేవాళ్లం. యుగంధర్ తెచ్చిన కాగితాల్లో రైలు సమయానికి వచ్చింది, రాజుగారి తోటలో పూలు పూశాయి, ఇలాంటివి. టీచర్ గారు రెండు చదివి కాగితం పక్కన పడేశారు. ఇవి నేనెప్పుడూ అనే మాటలు కావు బాబూ, ఇవి దాచుకుని ఏం చేసుకోను అని, పాలవాడిని కోప్పడడం, గోడ మీది పిల్లిని పిలవడం, పిల్లల హాజరు పిలవడం, బాబాయి గారితో పోట్లాట, ఇవి రికార్డు చేయించారు, పోట్లాటకైతే ఆయన్నీ పిలిపించారు, నిజంగా పోట్లాడితే గానీ కుదరదన్నారు, పాపం ఆయన మైకు ముందు నోరు మెదపలేక నిలబడితే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు కూడా రికార్డయింది, అది దేనికీ పనికిరాదు, యుగంధర్ తీసేయబోతే వద్దన్నాను. రోజులు గడిచేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే ఇల్లు ఖాళీ చేసి పోయినట్టు పోయాయి. ముందు ళ పోయింది. నాలుక ఎక్కడ ఆనాలో మా అందరి నోళ్లలో తొంగిచూసి నేర్పిన మనిషికి ళ పలకలేదు. నీళ్లు అనబోయి ఆగి, నన్ను చూసి, మంచితీర్థం అన్నారు తెలివిగా. నేను మైకు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. తర్వాత ఆ ళలన్నీ పాత స్కూలు వార్షికోత్సవం వీడియోలోంచి ఏరుకొచ్చాం.

ఆ రికార్డుల నుంచి కంప్యూటర్ తయారుచేసిన ఈ గొంతును ఇంటర్నెట్‌లో ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో పెడితే ఇంట్లో ఇంత పెట్టె అవసరం లేదన్నాడు యుగంధర్. అప్పటికి ఆవిడ మాట ముద్దగా వస్తోంది, బాబాయి గారికీ నాకూ మాత్రమే అర్థమయ్యేది. నా గొంతు నా ఇంట్లోనే ఉండాలి అన్నారు. అందుకే ఇంత బరువు, ఇంత వేడి. ఎనభై మూడు.

ఫోన్ మోగింది. అమ్మ. స్పీకరు అక్కర్లేదు మా అమ్మ అప్పాయమ్మకు, వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చేపలు అమ్మిన గొంతు, చెవికి దూరంగా పెట్టుకుంటే గదిలో అందరికీ వినపడుతుంది.

"ఏంటే, తిన్నావా? టీచరమ్మ గారు మాట్టాడారా?"

"ఇంకా లేదమ్మా. టెస్టులో ఉంది."

"ఆవిడకి టెస్టు పెట్టేంతదానివైపోయావా?"

"ఆవిడకి కాదే, మిషన్‌కి."

"అయితే సరే. పిల్ల సొరచేపలు వచ్చాయి, రేపు పంపిస్తాను. ఉడకబెట్టి మెత్తగా పొడుం చేసి పెట్టమను అన్నయ్యగారిని, ముళ్లుండవు, సులువుగా దిగుద్ది. నేనడిగానని చెప్పు ఆవిడకి."

"వినపడింది చెల్లెమ్మా" అన్నారు బాబాయి గారు అక్కడి నుంచే. టీచర్ గారి కళ్లు పైకి లేచి దిగాయి, మళ్లీ లేచాయి. నవ్వుతున్నారు. మొహం మీద ఏమీ కదల్లేదు, అయినా గదిలో ముగ్గురికీ తెలుసు. అమ్మను ఎప్పుడూ అడగలేదు నేను, నీ గొంతు రికార్డు చేసుకోనా అని. అడిగితే, ఎందుకే, చావబోతున్నానా ఏంటి అంటుంది. ఈ ఫోన్ రికార్డు చేసి ఉండాల్సింది. ఏం, ఏ ఫోన్ అయినా అంతే కదా, పెట్టేశాక అనిపిస్తుంది.

అప్పుడే కరెంటు పోయింది. పైన ఫ్యాను నెమ్మదించి మళ్లీ ఇన్వర్టరు అందుకుంది, కానీ పెట్టెకు దాని బలం చాలదని విడిగా యూపీయస్ పెట్టాను, అది కీచుమని అరవడం మొదలెట్టింది, తెర ఒక్క క్షణం మిణుకుమంది. మామూలు పని మీదైతే అది చాలాసేపు మోస్తుంది, ఇంత బరువు మీద ఎంతసేపో నేనూ చెప్పలేను. ఎనభై ఎనిమిది. కీచు, కీచు. గది వేడెక్కుతోంది, మెడ వెనక చెమట దారి కట్టింది. ఇది నేను తలపెట్టిన పరీక్షలో లేదు, కరెంటు పోయినప్పుడు ఆపేస్తే తప్పేం లేదు, వచ్చాక మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, ఎవరైనా అదే చేస్తారు. బాబాయి గారు లేచి నిలబడ్డారు.

"ఆపేయమ్మా దుర్గా. కాలిపోతుందేమో. ఉన్నది కాస్తా పోతే మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తాం?"

గొంతు తాలూకు ఫైళ్లు షాపులోనూ యుగంధర్ దగ్గరా ఉన్నాయని ఆయనకు తెలుసు. అయినా ఆయనకు ఆ గొంతు ఈ పెట్టెలో కూర్చుని ఉంది, అది ఈ వేడికి ఉడుకుతోంది. నేను మౌస్ మీద చేయి వేశాను. వేసి, ఎందుకో టీచర్ గారి వైపు చూశాను. కళ్లు గట్టిగా మూసుకున్నారు. తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నారు, రెప్పల చివర ముడతలు పడేంత గట్టిగా.

"వద్దంటున్నారు బాబాయి గారూ."

"దానికేం తెలుసమ్మా, అది అలాగే అంటుంది."

"కరెంటు పోయినప్పుడు ఆవిడ మాట్లాడుతూ ఉండొచ్చు కదండి."

ఆయన కూర్చున్నారు. తడిగుడ్డ చేతిలో నలిపేస్తున్నారు. తొంభై. అంకె పక్కన రంగు మారింది. పోయిన వారం ఆగిపోయింది దీని దగ్గరే, కాస్త అటూ ఇటూగా. వేగం తగ్గించుకుంటోంది, వేడి తట్టుకోలేనప్పుడు తనంతట తనే నెమ్మదిస్తుంది, ఆగిపోవడం కంటే అది నయం, మాట కాస్త సాగినా తెగకూడదు, అంతే నాకు కావలసింది. తొంభై ఒకటి. నడు. నడు. ఎవరితో అంటున్నానో నాకే తెలియలేదు, పెట్టెతోనా, కీచుమంటున్న ఆ యూపీయస్‌తోనా, లేక కుర్చీలో కూర్చుని మనిషి చేయగలిగిన పని ఏదీ మిగలకపోయినా వద్దు ఆపొద్దు అని కళ్లు మూసుకోగలిగిన ఈవిడతోనా. నాకు ఈవిడంటే ఎంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం ఏముంటుంది, టీచరండీ మీరంటే నాకు ఇష్టమండి అని ఎవరైనా వచ్చి చెబుతారా, కూలరు మార్చి తెస్తారు గానీ. తొంభై ఒకటి దగ్గరే నిలబడింది. నిలబడే ఉంది. ఎదురింట్లో టీవీ ఒక్కసారిగా మొదలైంది, వీధిలో ఎవరో హమ్మయ్య అన్నారు, కీచు ఆగిపోయింది. కరెంటు వచ్చింది.

ఎనభై తొమ్మిది. ఎనభై ఆరు. జాలీ తలుపు దగ్గర చేయి పెట్టి చూశాను, పొయ్యి ముందు పెట్టినంత వేడి బయటికి పోతోంది, పోవాల్సింది అలాగే పోవాలి, లోపల ఉండిపోతేనే ముప్పు. బాబాయి గారు ఎప్పుడు లేచారో, తలుపులో నిలబడి మజ్జిగ కలిపి ఒక గ్లాసు నాకిచ్చారు, టీచర్ గారికి చెంచాతో ఒక్కో చుక్కా, మధ్యమధ్య గొంతు కదిలిందో లేదో చూసుకుంటూ. అంత జాగ్రత్తగా పోయడం ఆ మనిషి ఎప్పుడు నేర్చుకున్నారు. నాకు తెలిసిన బాబాయి గారు కాఫీ తెచ్చి ఇస్తే గానీ వంటిల్లు ఏ వైపుందో తెలియని మనిషి.

టెస్టు అయిపోయినట్టు తెర మీద పచ్చగా వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. ఫ్యాన్ల హోరు దిగుతూ దిగుతూ చివరికి పైనున్న ఫ్యాను చప్పుడే మిగిలింది. అయిందండి టీచరండీ, నిలబడింది అన్నాను. నా గొంతే నాకు చిన్నగా వినపడింది. అక్షరాల పలక తెర మీద తెరిచి, కెమెరా సర్ది, పక్కకు తప్పుకున్నాను.

ఆవిడ తెర వైపు చూశారు, పెట్టె వైపు చూశారు, తర్వాత భర్త వైపు చాలాసేపు. అప్పుడు చూపు అక్షరాల మీదికి వచ్చింది. నేను చదవకుండా కిటికీ బయటికి చూశాను, చెప్పేదాకా చదవకూడదనిపించింది. బాబాయి గారికి అంత ఓపిక లేదు, అలవాటు ప్రకారం, "నీళ్లా? కాలు తిమ్మిరెక్కిందా? దిండు సర్దనా?" అని ఒక్కొక్కటీ అడుగుతున్నారు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. చాలా పొడుగు వాక్యంలా ఉంది. అయిపోయింది.

"మీరు లోపలికెళ్లి పడుకోండి. ఏదైనా కావాలంటే నేను పిలుస్తాను."

ఆవిడ గొంతు. గరగర అంచుతో, వరండా దాటే గొంతు. బాబాయి గారు తడిగుడ్డ పట్టుకుని నిలబడిపోయారు.

"ఇక్కడే బాగుందిలే. కుర్చీలో వాలతాను."

మళ్లీ అక్షరాలు. ఈసారి తొందరగానే.

"తలుపు వేసుకుని, మంచం మీద పడుకోండి."

ఆయన నా వైపు చూశారు. నేనున్నాను కదండి అన్నాను. తడిగుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక స్టూలు మీద పెట్టి, మళ్లీ తీసి కిటికీ చువ్వకు ఆరేసి, నెమ్మదిగా పక్క గదిలోకి వెళ్లారు. తలుపు దగ్గరకు పడింది. కాసేపటికి మంచం కిర్రుమంది, ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. టీచరండీ, ఏమైనా కావాలా అని అడిగాను. కాదన్నట్టు కళ్లు మూసి తెరిచి, మళ్లీ తెర వైపు తిరిగారు. మూడు అక్షరాలే ఏరారు. శబ్దం పెంచమని నాకు చూపుతో చెప్పారు, పెంచాను.

"ఏవండీ."

"ఆఁ." లోపల మంచం మళ్లీ కిర్రుమంది. "ఆఁ, ఏంటి సంపూర్ణా, వస్తున్నా."

ఆవిడ కళ్లు నా వైపు ఒక్కసారి తిరిగి, మళ్లీ అక్షరాల మీదికి వెళ్లాయి.

"రావద్దు. ఊరికే పిలిచాను."